ముందు వెళ్ళిన నల్ల కారు

ఆరింటికి బయల్దేరాలి. పదింటికి కాఫీ. పన్నెండున్నరకు ఎక్కడైనా చెట్టు నీడన భోజనం. నాలుగు కొట్టేసరికి సైప్రస్ కొండలు. వెర్నా టాలెఫ్‌సన్ ఈ నాలుగు ముక్కలూ చీటీ మీద రాసి కారులో స్టీరింగ్ పక్కన అంటించింది. ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. పొద్దున ఏడూ ఇరవైకి మొదటి గేటు ముందు ఆగాలంటే ఏడూ ఇరవైకే ఆగేది. మంచు తుఫాను పట్టిన రోజు మాత్రం ఏడూ ఇరవై రెండయ్యేది, ఆ రెండు నిమిషాలకూ పిల్లల తల్లులకు క్షమాపణ చెప్పుకునేది. 1986 జూన్‌లో ఆమె పదవీ విరమణ చేసినప్పుడు, వెర్నా నడిపిన దూరం భూగోళాన్ని పదిహేనుసార్లు చుట్టినంత ఉంటుందని సన్మానసభలో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి ఆలోచించుకుంటే, ఆ పదిహేను చుట్లూ కార్ల్‌బర్గ్ ఊరి చుట్టే తిరిగినట్టు ఆమెకు తట్టింది.

అందుకే జూలైలో ఈ ప్రయాణం. తోడు స్టెఫ్కా. నలభై ఏళ్ళ స్నేహం. స్టెఫ్కా ఊళ్ళో పోస్టాఫీసు నడిపింది. ఊరికి వచ్చిన ప్రతి బొమ్మల కార్డునూ, చేరవలసిన వాళ్ళకంటే ముందు తనే చదివింది. కాబట్టి ఆమె చూడని చోటంటూ లేదు, వెళ్ళిన చోటూ లేదు. "మన రాష్ట్రం మొత్తానికి ఉన్నవే ఆ నాలుగు కొండలు. అవి కూడా చూడకుండా పోతే, పైన దేవుడు ఎత్తు మీద కూర్చోబెడితే కళ్ళు తిరుగుతాయే మనకి," అని వెర్నాను ఒప్పించింది.

కారు వెర్నా భర్త ఆర్నీది. నల్ల రంగు స్టేషన్ వ్యాగన్, రైలు పెట్టెలో సగం పొడుగుంటుంది. మే నెలలో దాని హెడ్‌లైట్ల మీట విరిగిపోయింది. అప్పటినుంచి ఇంజను తిరుగుతున్నంతసేపూ పట్టపగలు కూడా లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. బాగుచేయించమని వెర్నా చెప్పినప్పుడల్లా, "వెలగకపోతే కదే బాధ, వెలిగితే ఏమైంది?" అని ఆర్నీ పేపరు వెనక్కి వెళ్ళిపోయేవాడు.

ఆరింటికి రావలసిన స్టెఫ్కా ఏడూ పదికి వచ్చింది. చేతిలో మడత కుర్చీ, నెత్తిన ఒక టోపీ, చంకలో ఇంకో రెండు టోపీలు, వెనకే భర్త మోసుకొచ్చిన ఐసు పెట్టె, అందులో బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటి పెరోగీలు అరవై.

"అరవై ఎందుకే? ఉన్నది ఇద్దరం."

"దారిలో ఎవరైనా తగలరూ?"

వెర్నా చీటీ వంక చూసి, ఆరు కొట్టేసి ఏడూ పది అని రాసింది. మిగతా అంకెలు మార్చడానికి మాత్రం మనసొప్పలేదు.

రెండు గంటలు హైవే మీద సాఫీగానే సాగింది. అటూ ఇటూ పసుపు పూల కనోలా చేలు, నడుమ నీలంగా అవిసె చేలు, మళ్ళీ కనోలా. మూడో గంటకు స్టెఫ్కాకు విసుగు పుట్టింది. హైవే అంటే లారీల కోసం వేసిన రోడ్డనీ, మనుషులన్నవాళ్ళు కంకర రోడ్ల మీద వెళ్తారనీ, అక్కడైతే గాలి తగులుతుందనీ మొదలుపెట్టింది. కాఫీ టైము దాటిపోయి వెర్నాకు తల నొప్పిగా ఉంది. వాదించడం కంటే స్టీరింగ్ తిప్పడం సులువనిపించి, లింగ్రెన్ అనే ఊరి పక్కన కంకర రోడ్డెక్కింది.

నిజానికి ఆ రోజు చేసిన తప్పేదైనా ఉంటే అది ఇదొక్కటే అని వెర్నా తర్వాత చాలాసార్లు అంటుండేది. స్టెఫ్కా మాత్రం ఒప్పుకోదు. తప్పే జరగలేదంటుంది.

పదకొండున్నర వేళ, రోడ్డుకు కాస్త లోపలగా, ఒక చేని గట్టు మీద పొదలు కనిపించాయి. కొమ్మలు వంగిపోయేట్టు సస్కటూన్ పళ్ళు, ముదురు ఊదా రంగులో, గోళీలంత. స్టెఫ్కా కేక పెట్టింది.

"ఆపవే! ఆపు! ఈ ఏడు మన వైపు ఒక్క పొదైనా కాయలేదు, ఇక్కడ చూడు ఎలా ఉన్నాయో!"

"బోర్డు కనపడట్లేదా? లోపలికి రావద్దని రాసుంది."

"అది లోపలికి పోయేవాళ్ళకి. మనం అంచున నిలబడతాం."

వెర్నా జీవితంలో బోర్డు దాటి ఎరగదు. అయినా చేని బాట మీదకు కారు దించింది. మొదట కారులోనే కూర్చుని కాపలా కాసింది. అయిదు నిమిషాలయ్యాక ఒక పండు రుచి చూసింది. మరో పది నిమిషాలకు ఆమే వంగి, రెండు చేతులా కోస్తూ, కారు వెనకనుంచి తీసిన బకెట్ నింపుతోంది. తర్వాత ఆ రోజు తలుచుకున్నప్పుడు ఆమెకు ఎక్కువ సిగ్గనిపించింది దీనికే. స్టెఫ్కా కంటే తనే ఎక్కువ కోసింది.

బకెట్ నిండేసరికి చేనికి అవతల ఒక ట్రాక్టరు ఆగింది. దాని మీదనుంచి ఒకాయన లేచి నిలబడి, రెండు చేతులూ ఊపుతూ పెద్దగా అరుస్తున్నాడు. గాలి ఇటునుంచి అటు వీస్తోంది. మాటలన్నీ ఎగిరిపోయి ఒక్క ముక్కే చెవిన పడుతోంది.

"...లేదు! ...లేదు!"

"ఏం లేదంటాడు?" అంది స్టెఫ్కా.

"మనకి హక్కు లేదంటున్నాడు! ఎక్కు! ఎక్కవే తల్లీ, ముందు ఎక్కు!"

బకెట్ వెనకాల పడేసి వెర్నా కారు వెనక్కి తిప్పింది. రోడ్డు మీద అప్పుడే ఏదో బండి వేగంగా వెళ్ళినట్టుంది, దుమ్ము గోడలా లేచి ఉంది. ఆ దుమ్ములోకే కారు దూకించింది.

పావు మైలు వెళ్ళాక అద్దంలోకి చూసింది.

"స్టెఫ్కా, వెనకాల ఒక కారు వస్తోంది."

"రోడ్డన్నాక కార్లు రావూ?"

"లైట్లు వేసుకుని వస్తోంది. పగటిపూట. దాని వెనక ఇంకోటి. దాని వెనక..." వెర్నా లెక్కపెట్టింది. పదకొండు దాకా కనిపించాయి. ఆ పైవి దుమ్ములో కలిసిపోయాయి.

స్టెఫ్కా సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. "ఓరి నాయనో! గుప్పెడు పళ్ళకి ఊరు ఊరంతా కదిలొచ్చిందటే?"

"గుప్పెడా? బకెట్టు!"

వెర్నా నలభై మైళ్ళ వేగం నుంచి యాభై అయిదుకు పెంచింది. వెనక కార్లూ పెంచాయి. ముప్పైకి తగ్గించింది. అవీ తగ్గించాయి. మధ్యలో దూరం ఒక్క గజం మారలేదు. ఒక్కరూ హారన్ కొట్టలేదు, ఒక్కరూ దాటిపోవాలని చూడలేదు.

"కొడితే కొట్టచ్చుగా హారన్!" అంది స్టెఫ్కా.

"కొట్టకపోవడమే నాకు భయంగా ఉంది. పట్టుకోవడం ఖాయమని తెలిసినవాళ్ళే ఇంత నిదానంగా వస్తారు."

ఎదురుగా ఒక లారీ వచ్చింది. దాని డ్రైవరు వీళ్ళను చూడగానే పూర్తిగా పక్కకు తీసి ఆపేశాడు. అతడు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకోవడం వెర్నా కళ్ళారా చూసింది. "వాడికీ తెలిసిపోయింది," అంది.

"ఆ వచ్చే అడ్డరోడ్డులో కుడికి కొట్టు. మనం తిరుగుతాం, వాళ్ళు తిన్నగా పోతారు."

వెర్నా కుడికి తిప్పింది. ఒకదాని వెనక ఒకటిగా కార్లన్నీ కుడికి తిరిగాయి. రెండు మైళ్ళు పోయి ఎడమకు తిప్పింది. అవీ తిరిగాయి. తిరిగే ముందు ప్రతి కారూ పద్ధతిగా సూచన దీపం కూడా వేసింది.

"ఏదో ఒక ఇంట్లోకి పోనీవే, మనిషి మొహం కనిపిస్తే చెప్పుకుందాం," అని స్టెఫ్కా ఏడుపు గొంతుతో అంది. కనిపించిన మొదటి వాకిట్లోకి వెర్నా కారు పోనిచ్చింది. పాత ఇల్లు, రంగు వెలిసిన కొట్టం, వరసగా నాలుగు రేకు గాదెలు. వరండాలో చేతుల్లేని బనీను మీద ఒక ముసలాయన కూర్చుని బీన్స్ గిల్లుతున్నాడు. కారును చూసి లేచాడు. దాని వెనక వస్తున్న వరసను చూసి, ఒళ్ళో గిన్నె జారిపోయినా వంగలేదు. నెత్తిమీది టోపీ మెల్లగా తీసి గుండెకు ఆనించుకున్నాడు.

వెర్నాకు ఆగే ధైర్యం పోయింది. "ఈయనా వాళ్ళ మనిషే!" అంటూ గాదెల చుట్టూ తిప్పి మళ్ళీ రోడ్డు మీదకు వచ్చేసింది. వెనకాల కార్లన్నీ ఒక్కటీ తప్పకుండా గాదెల చుట్టూ తిరిగి వచ్చాయి. అద్దంలో చివరిసారి చూసినప్పుడు, ముసలాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ తన పికప్ బండి వైపు పరుగులాంటి నడక నడుస్తున్నాడు.

"ఆయన కూడా బయల్దేరాడే," అంది వెర్నా.

స్టెఫ్కా నెత్తిన టోపీ తీసి, గుర్తుపట్టకుండా ఇంకో టోపీ పెట్టుకుంది.

ఆ తర్వాతి రోడ్డు సన్నగా ఉంది. అటూ ఇటూ రెల్లు మొలిచిన మడుగులు, బాతులు. రోడ్డు పక్కన ఒక చెక్క బోర్డు బోర్లా పడి ఉంది, దాని మీదనుంచే పోనిచ్చారు. అరమైలు తర్వాత రోడ్డు ఉన్నట్టుండి ఆగిపోయింది. ముందు ఒక వాగు. వాగుకు అటు ఒక దుంగ, ఇటు ఒక దుంగ, నడుమ ఏమీ లేదు. వెర్నా రెండు కాళ్ళతో బ్రేకు తొక్కింది. కారు పది అడుగుల ఇవతల ఆగింది.

అప్పుడు అర్థమైంది ఆమెకు, ట్రాక్టరాయన లేదన్నది ఏమిటో. వంతెన.

ఇంజను ఆపింది. దాంతో ఆ కారు లైట్లు ఆరాయి. వెనకాల ఒక్కొక్కటే అన్ని కార్ల లైట్లూ ఆరాయి. తలుపులు తెరుచుకున్నాయి. అందరూ నల్ల బట్టల్లో ఉన్నారు. మగవాళ్ళు టోపీలు చేతుల్లో పట్టుకున్నారు, ఆడవాళ్ళు చేతి రుమాళ్ళు.

"ఇంత సూటూ బూటూ వేసుకుని వస్తారటే పళ్ళ దొంగల కోసం?" అంది స్టెఫ్కా, తలుపు గడియ నొక్కుతూ.

ఆరుగురు మగవాళ్ళు ఇద్దరిద్దరుగా జతలు కట్టి, గంభీరమైన మొహాలతో కారు వెనక్కి నడిచి వస్తున్నారు. వెర్నా ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క చలానా రాయించుకోని మనిషి. దిగి, వెనక సీట్లోకి చెయ్యి పెట్టి పళ్ళ బకెట్ తీసి, రెండు చేతులా ముందుకు పట్టుకుని నిలబడింది. ఎనభై ఏళ్ళ పెద్దావిడ ఒకామె, ఒక కళ్ళజోడు మనిషి చెయ్యి పట్టుకుని ఆమె దగ్గరకు వచ్చింది.

"తప్పయిపోయిందండీ," అంది వెర్నా. "ఇవిగో, అన్నీ ఉన్నాయి. రెండు గుప్పెళ్ళు తిన్నాం, అబద్ధమెందుకు. ఏం చేస్తారో చెయ్యండి."

పెద్దావిడ బకెట్ అందుకుంది. కళ్ళనిండా నీళ్ళు. "ఎందుకమ్మా ఇంత శ్రమ! నువ్వు చేసింది చాలదన్నట్టు మళ్ళీ పళ్ళు కూడానా? గాట్లీబ్ వాకిట్లోంచి తిప్పి తీసుకొచ్చావే, ఆ ఒక్క పని చాలు. పాస్టరు చెప్పాడా నీకు? ఎమిలే చెప్పాడా పోయే ముందు?"

వెర్నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఈలోగా ఆ ఆరుగురూ కారు వెనక తలుపు ఎత్తారు. లోపల ఐసు పెట్టె, మడత కుర్చీ, మిగతా టోపీ, ఆర్నీ ఇచ్చి పంపిన స్పేరు టైరు. ముందున్నాయన అలవాటు కొద్దీ ఐసు పెట్టెకు తల వంచి నమస్కరించాడు. తర్వాత మిగతా అయిదుగురి మొహాలు చూశాడు.

"ఫ్రీడా," అన్నాడు పెద్దావిడతో, గొంతు తగ్గించి. "ఎమిల్ లేడు."

"ఎమిల్ ఎవరండీ?" అంది వెర్నా.

"నా మొగుడు," అంది ఫ్రీడా.

అప్పుడు వెర్నా తన కారు వైపు చూసింది. దాని పొడుగు చూసింది, రంగు చూసింది. శవయాత్రలో కార్లన్నీ పగలు కూడా లైట్లు వేసుకుని వస్తాయన్న సంగతి, ముప్పై ఒక్క ఏళ్ళు బండి నడిపిన మనిషికి అప్పుడు గుర్తొచ్చింది.

కళ్ళజోడు మనిషి ఫ్రీడా అల్లుడు ట్రెవర్. టొరంటోలో బీమా కంపెనీలో పనిచేస్తాడు, ఈ వైపు రావడం రెండోసారి. అతడు చేతులు తిప్పుతూ సంజాయిషీ మొదలుపెట్టాడు. "నల్ల కారు వెనక పొమ్మన్నారు. దుమ్ములో నల్ల కారు కనిపించింది. లైట్లు వెలుగుతున్నాయి. నేను దాని వెనకే వచ్చాను. నా తప్పేముంది?"

"ఇన్ని మలుపులతో పదహారు మైళ్ళు తిప్పితే అనుమానం రాలేదా అండీ?" అని స్టెఫ్కా కిటికీ అద్దం రెండు వేళ్ళంత దించి అడిగింది.

"నేను అత్తయ్యగారిని అడిగాను."

"నేనే పోనిమ్మన్నాను," అంది ఫ్రీడా. "ఎమిల్‌ని ఆఖరుసారి ఆయన పొలాల మీదుగా తీసుకెళ్తున్నారనుకున్నా. పెద్దవాళ్ళకి అలా చేస్తారు కదా. యాభై అయిదు మైళ్ళ వేగంతో పోతుంటే మాత్రం, ఈయన బతికుండగా ఇంత జోరుగా ఎన్నడూ పోలేదే అనుకున్నా."

మరి ఎమిల్ ఎక్కడ? ఈ ప్రశ్న ముందు కారు నుంచి వెనక కారుకు నడిచింది. "ఎమిల్ కనపడట్లేదట" అని మొదలైన మాట, ఎనిమిదో కారు దగ్గర "ఎమిల్ తప్పిపోయాడట" అయింది. పదిహేనో కారుకు చేరేసరికి "ఎమిల్ లేచి వెళ్ళిపోయాడట" అయింది. అక్కడ ఒకావిడ కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. కాసేపటికి తోక వైపునుంచి జవాబు నడిచి వచ్చింది. "ఎమిల్ వెనకాలే ఉన్నాడు. ఎవరూ కంగారు పడొద్దన్నాడు." అన్నది పాస్టరని తర్వాత తేలింది.

అసలు శవవాహనం డ్రైవరు రెజైనా నగరం నుంచి కొత్తగా వచ్చినవాడు. కంకర రోడ్డు మీద దుమ్ము తన మీద పడకూడదని వేగంగా పోయి, మొదటి మలుపులోనే సమాధుల తోటకు తిరిగిపోయాడు. పక్కన పాస్టరు. తవ్వి ఉంచిన గోతి దగ్గర ఇద్దరూ పావుగంట నిలబడ్డారు. ఎవరూ రాలేదు. ఎమిల్‌తో పేచీలున్నవాళ్ళు ఊళ్ళో కొందరున్నారు గానీ, మరీ ఒక్కరూ రాకపోవడమేమిటని పాస్టరు బండి వెనక్కి తిప్పించాడు. దూరంగా దుమ్ము కనిపిస్తే, దాని వెంట పడి, వరస చివర చేరారు. ఆ విధంగా ఎమిల్ తన భూస్థాపనకు తనే అందరికంటే వెనక వచ్చాడు.

స్టెఫ్కా దింపి పరిచిన మడత కుర్చీలో ఫ్రీడా కూర్చుంది. బకెట్ ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క పండే నోట్లో వేసుకుంది. వెర్నా ఎదురుగా నిలబడి చీవాట్ల కోసం ఎదురుచూస్తోంది.

"గాట్లీబ్ ఇల్లు నీకెలా తెలుసమ్మా?" అంది ఫ్రీడా చివరికి.

"తెలీదండీ. కనపడ్డ మొదటి వాకిలి అది. దాక్కుందామని పోనిచ్చాను."

"ఆయన ఎమిల్‌కి అన్న. యాభై ఏడులో మా ఆయన ఆంబోతు కంచె దూకి ఆయన చేలో పడింది. అప్పటినుంచి మాటల్లేవు. ఇరవై తొమ్మిదేళ్ళు. ఎమిల్ పోయాడని నేనే ఫోన్ చేశాను. విన్నాడు, పెట్టేశాడు. ఇవాళ చర్చికి రాలేదు." ఆమె తోక వైపు చూసింది. "ఇప్పుడు ఆ చివర ఉన్నాడు. తమ్ముడే గుమ్మంలోకి వచ్చి పిలిచాడనుకుని వచ్చి ఉంటాడు. అలా కాదని ఆయనకి చెప్పకు."

వెర్నా తలూపింది.

ఇక కార్లను బయటికి తీయాలి. రోడ్డు సన్నం, రెండు పక్కలా మడుగు. తిప్పే చోటు లేదు. పొలాల వాళ్ళందరూ బండి నడపడంలో మొనగాళ్ళే, కాబట్టి అందరూ ఒకేసారి సలహాలిచ్చారు. ఒకాయన సలహా ప్రకారం ట్రెవర్ కారు తిప్పబోయి వెనక చక్రం రెల్లులో దించాడు. ఆరుగురూ తోస్తే గానీ పైకి రాలేదు. తీరా వచ్చేసరికి ఆరుగురి పంట్లాములూ మోకాళ్ళ దాకా బురద. ఇక వెర్నా ఊరుకోలేకపోయింది.

"ఎవరూ స్టీరింగ్ ముట్టుకోవద్దు!" అని అరిచింది. నలభై మంది పిల్లలను ఒక్క కేకతో కూర్చోబెట్టిన గొంతది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. "వెనకనుంచి ఒక్కొక్కటే రివర్సులో అడ్డరోడ్డు దాకా. నేను చెయ్యి దించితేనే కదలాలి. మీరు, ఆకుపచ్చ టై ఆయనా! మీకే చెప్తున్నా. అద్దంలో కాదు, మెడ తిప్పి చూడండి."

చెప్పుకుంటూ ఆమె వరస పొడవునా నడిచింది. ఫ్రీడా కూడా లేచి ఆమె చెయ్యి పట్టుకుని నడిచింది. చివర శవవాహనం, దాని ముందు పాత పికప్. పికప్ పక్కన గాట్లీబ్ నిలబడి ఉన్నాడు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. వెనక బండినీ, దూరంగా ముందున్న నల్ల కారునూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఫ్రీడా," అన్నాడు, ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాటగా, "వీడు వెనకాల ఉన్నాడేంటి? మరి నా వాకిట్లోకి వచ్చిందెవరు?"

"ఈవిడ," అంది ఫ్రీడా. "ముందు నీ దగ్గరికెళ్ళి, నిన్ను పిలుచుకునే రమ్మని ఎమిల్ చెప్పిపెట్టాడు."

గాట్లీబ్ వెర్నా వైపు తిరిగాడు. "నిజమా అమ్మాయ్?"

బోర్డు దాటడం ఆ పొద్దున మొదటిసారి. ఈ అబద్ధం రెండో తప్పు. "అవునండీ," అంది వెర్నా.

"ఏమన్నాడు? వాడన్న మాటే చెప్పు."

ఫ్రీడా ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. "వాడు మొండివాడు, పిలిస్తే రాడు, ఆగకుండా గాదెల చుట్టూ తిప్పుకుని వచ్చెయ్, వాడే వస్తాడు... అన్నారండీ."

ముసలాయన నేల చూస్తూ నిలబడ్డాడు. "వాడి మాటే," అన్నాడు. "అచ్చం వాడి నోటిమాటే. ఆంబోతుని కూడా అలాగే పట్టుకునేవాడు."

రివర్సు మొదలైంది. శవవాహనం ముందు కదిలింది, తర్వాత గాట్లీబ్ పికప్, తర్వాత ఒక్కొక్కటే. వెర్నా రోడ్డు మధ్యన నిలబడి చేతులు ఎత్తుతూ దించుతూ ఇరవై మూడు బండ్లను అరమైలు వెనక్కి నడిపింది. ఒక్క చక్రం నీళ్ళలో దిగలేదు. అడ్డరోడ్డు చేరేసరికి వరస మొత్తం తిరగబడి, ఎలా ఉండాలో అలా అయింది. అందరికంటే ముందు ఎమిల్, ఆయన వెనక ఆయన అన్న, అన్న పక్క సీట్లో ఫ్రీడా, ఒళ్ళో సగం తిన్న పళ్ళ బకెట్. అల్లుడు ఆఖరునుంచి రెండోవాడు. అతడికి ఆ స్థానమే ఇవ్వాలని అందరూ ముందే అనుకున్నట్టు కనిపించింది. చిట్టచివర నల్ల కారు.

"ఇప్పుడు మనం హైవే ఎక్కేయచ్చే," అంది స్టెఫ్కా.

"మధ్యలో వదిలి ఎలా పోతాం?" అంది వెర్నా.

సమాధుల తోటలో ప్రార్థన అయ్యేసరికి రెండున్నర. పెట్టె దించేటప్పుడు గాట్లీబ్ ఒక తాడు పట్టుకుంటానన్నాడు. ఆరుగురిలో ఒకాయన జరిగి చోటిచ్చాడు. మోకాళ్ళ దాకా బురదతో నిలబడ్డ ఆ అయిదుగురి నడుమ, తప్పు గుండీల చొక్కా వేసుకున్న ముసలాయన మరీ అంత వింతగా కనిపించలేదు.

తర్వాత లింగ్రెన్ చర్చి కింది హాల్లో భోజనం. గుడ్డు సాండ్విచ్‌లు, ఊరబెట్టిన దోసకాయలు, నాలుగు రంగుల జెల్లీ. ఇంత ఆలస్యానికి అందరికీ ఆకలి దంచేస్తోంది, ఉన్నవి చాలలేదు. స్టెఫ్కా చొక్కా చేతులు పైకి మడుచుకుని వంటింట్లోకి దూరి అరవై పెరోగీలూ వెన్నలో వేయించి పట్టుకొచ్చింది. "ఎక్కువన్నావుగా?" అని వెర్నాతో అంది, పక్కనుంచి పోతూ. నాలుగు గంటలకు, చీటీ ప్రకారం కొండల మీద ఉండవలసిన వేళ, వెర్నా పేపరు ప్లేటు పట్టుకుని ఒక రేకు కుర్చీలో కూర్చుని ఉంది. ఆంబోతు గోల ఎక్కడ మొదలైందో గాట్లీబ్ ఫ్రీడాకు తన వైపునుంచి చెప్తుంటే వింటోంది. ఆంబోతుదే తప్పని ఇద్దరికీ కుదిరినట్టే ఉంది.

లేచి వెళ్ళబోయే ముందు ముసలాయన ఆమె దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, నాకూ నువ్వే ముందు నడవాలి. ఆ బురద కుంకలకి వదిలేస్తే నన్ను ఎక్కడ దించుతారో తెలీదు. మాటిస్తావా?"

"ఇస్తానండీ," అంది వెర్నా. "కాకపోతే మేం కొండలు చూడ్డానికి పోతున్నాం. గురువారం గానీ తిరిగి రాం."

గాట్లీబ్ కాసేపు ఆలోచించి, గురువారం దాకా ఎలాగోలా ఆగుతానని మాటిచ్చాడు.